ఓటీపీ ఎవరికీ చెప్పకుండా

2021 మే నెలలో దేశంలోని యువత అంతా ఒకే వెబ్‌సైట్ ముందు బారులు తీరింది. 18 నుంచి 44 ఏళ్ల వయసువారికి కోవిడ్ టీకా కావాలంటే ముందుగా కోవిన్‌లో స్లాటు బుక్ చేసుకోవాలి. ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే పేరు రాయించుకునే వీలు మే 24న గానీ రాలేదు. అదే నెల 31న సుప్రీంకోర్టు, కోవిడ్ కాలపు అత్యవసర సరఫరాల మీద సుమోటోగా చేపట్టిన కేసులో, ఆ సైట్ చూపు లేనివారికి ఎందుకు పనికిరావడం లేదో ఒక్కొక్కటిగా రాసింది. క్యాప్చాకు వినిపించే రూపం లేదు. వయసు, టీకా పేరు, ఉచితమా డబ్బు కట్టాలా అని ఎంచుకునే ఏడు ఫిల్టర్లు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందేలా లేవు, వాటిని డ్రాప్‌డౌన్ జాబితాలుగా మారిస్తే సరిపోతుంది. ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో తెలుస్తుంది గానీ అవి ఎక్కడ ఉన్నాయో తెలియదు. కీబోర్డుతో సైట్‌లో తిరిగే వీలు లేదు. బుక్ చేసుకునేలోపు దానంతటదే లాగౌట్ కాకుండా తగినంత సమయం ఇవ్వాలి. పేజీ నేపథ్య రంగు వంటి విషయాల్లో పాటించాల్సిన పద్ధతులు పాటించలేదు. ఈ సైట్‌కూ, ఆరోగ్యసేతు వంటి యాప్‌లకూ వైకల్య కోణంలో ఆడిట్ జరిపించాలని కోర్టు సూచించింది.

ప్రభుత్వ వెబ్‌సైట్ బాధ్యత నెత్తిన పడిన ప్రతి ఉద్యోగీ ఈ జాబితాను ఒకసారి నిదానంగా చదవాలి. ఇందులో పరిశోధన అవసరమైన అంశం ఒక్కటీ లేదు. అన్నీ మామూలు ప్రోగ్రామర్ చేతి పనులే. వెబ్ పేజీలు అందరికీ ఎలా అందాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు, అంటే డబ్ల్యూసీఏజీ, మొదటిసారి 1999లో వచ్చాయి, రెండో సంచిక 2008లో వచ్చింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లోనే వెలువడ్డాయి. కోవిన్ పుట్టేనాటికి నియమాలు పుష్కరకాలంగా ప్రభుత్వం అల్మరాలోనే ఉన్నాయన్నమాట. తెలియక జరిగిన లోపమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. మరెందుకు జరిగింది? కొలతలో తేడా వల్ల జరిగిందని నా అభిప్రాయం. ఆఫీసుల్లో మనం పేజీలను కొలుస్తున్నాం. ఈ పేజీలో బొమ్మకు వివరణ ఉందా, ఆ పేజీలో రంగు సరిపోయిందా, సర్టిఫికెట్ వచ్చిందా అని చూస్తున్నాం. కొలవాల్సింది పనిని. ఒక వికలాంగ పౌరుడు తనకు కావలసిన పనిని మొదటి పేజీ నుంచి రశీదు దాకా, మరొకరి కళ్లూ చేతులూ అరువు తెచ్చుకోకుండా పూర్తి చేయగలడా? ఈ ఒక్క ప్రశ్నకు అవునని జవాబు రాని సైట్‌కు ఎన్ని సర్టిఫికెట్లున్నా అది వికలాంగులకు మూసి ఉన్నట్టే.

ఈ కొలత ఎందుకు సరైనదో అర్థం కావాలంటే చూపు లేని వ్యక్తి వెబ్‌సైట్‌ను ఎలా వాడతాడో తెలియాలి. ఆస్ట్రేలియాకు చెందిన, తామూ చూపు లేనివారే అయిన ఇద్దరు ప్రోగ్రామర్లు తయారుచేసిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ కంప్యూటర్లకు ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది. ఇవి తెర మీద ఉన్నదాన్ని చూసి చెప్పవు. పేజీ వెనకున్న కోడ్‌ను చదివి వినిపిస్తాయి. కంటితో చూసేవారు పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తారు. వినేవారికి పేజీ ఒక వరుసలో, ఒకదాని తర్వాత ఒకటిగా వస్తుంది. అందుకని వాళ్లు శీర్షిక నుంచి శీర్షికకు, లింకు నుంచి లింకుకు కీబోర్డుతో దూకుతూ పోతారు. శీర్షికను కోడ్‌లో శీర్షికగా రాయకుండా అక్షరాలను పెద్దవి చేసి, నలుపు పెంచి వదిలేస్తే కంటికి శీర్షికే కనిపిస్తుంది, చెవికి మాత్రం అది మామూలు వాక్యం. గడికి పేరు తగిలించకపోతే 'ఎడిట్, ఖాళీ' అని వినిపిస్తుంది. అక్కడ రాయాల్సింది తండ్రి పేరా, పిన్‌కోడా? పట్టికకు తలవరుస గుర్తులు లేకపోతే 'మూడు, సున్నా, పన్నెండు' అంటూ అంకెలు దొర్లుతాయి. కోవిన్‌లో ఖాళీ స్లాట్లు ఎక్కడ ఉన్నాయో తెలియదని కోర్టు అన్నది ఈ జాతి లోపం గురించే. పేజీని వినడానికి చూడటం కన్నా ఎక్కువ సేపు పడుతుంది. కాబట్టి చూసేవారి వేగాన్ని లెక్కేసుకుని పెట్టిన లాగౌట్ గడువు వినేవారిని పని మధ్యలో వెళ్లగొడుతుంది. పది మెట్లలో తొమ్మిది సాఫీగా ఎక్కి పదో దగ్గర ఆగిపోయినవాడికి దక్కేది సున్నా. తొమ్మిది పేజీలు బాగున్నాయని తొంభై మార్కులు వేసుకునేది మనమే.

పేజీల కొలత మనల్ని ఎంత మోసగిస్తుందో చెప్పడానికి ఆధారాలున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2017లో కావాలనే 142 అడ్డంకులు పెట్టి ఒక పేజీ తయారుచేసింది. అడ్డంకులను దానంతటదే పట్టుకుంటుందని చెప్పుకునే సాఫ్ట్‌వేర్లను ఒక్కొక్కటిగా దాని మీద ప్రయోగించింది. వాటిలో మేలైనది కూడా సగం పట్టుకోలేకపోయింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. బొమ్మకు వివరణ ఉందో లేదో యంత్రం చెప్పగలదు. ఆ వివరణలో 'ఐఎంజీ 2034' అని ఉంటే అది వివరణే కాదని చెప్పలేదు. ఇంకోవైపు, యంత్రం పట్టుకోగల చిన్న తప్పులే లోకమంతా నిండి ఉన్నాయి. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల ముఖపేజీలను పరీక్షిస్తుంది. నూటికి తొంభైకి పైగా పేజీల్లో తప్పులు తేలుతున్నాయి. వెలిసిపోయిన అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం, ఇవే ఏడాది తర్వాత ఏడాది తిరిగి తిరిగి జాబితా పైన ఉంటున్నాయి. కాబట్టి యంత్రపరీక్ష చేయించండి, అది చవక, త్వరగా అవుతుంది. దాని నివేదికను ఫైలులో పెట్టి పని అయిపోయిందని మాత్రం అనుకోకండి.

ఇక్కడ మన ప్రభుత్వ సైట్ల నెత్తిన కనిపించే ఒక అలంకారం గురించి చెప్పాలి. 'ఏ ప్లస్, ఏ, ఏ మైనస్' అని మూడు అక్షరాలు, రంగు మార్చే గుండ్రటి గుర్తు, పక్కనే 'స్క్రీన్ రీడర్ యాక్సెస్' అనే లింకు. ఆ లింకు నొక్కితే చాలా సైట్లలో స్క్రీన్ రీడర్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పే పట్టిక వస్తుంది. దాన్ని చదవగలిగిన చూపులేని మనిషి దగ్గర స్క్రీన్ రీడర్ అప్పటికే ఉండి తీరాలి కదా! అక్షరాలు పెంచుకోవడం ప్రతి బ్రౌజర్‌లోనూ ఉన్న సదుపాయమే. ఇవి ఉన్నందువల్ల హాని లేదు. ఇవి పెట్టాం కాబట్టి సైట్ అందరిదీ అయిపోయిందనుకోవడంలోనే హాని ఉంది. ఇదే భ్రమను ఇంకా పెద్ద ఎత్తున అమ్మే కంపెనీలున్నాయి. ఒక్క వరుస కోడ్ తగిలిస్తే చాలు, మీ సైట్ ప్రమాణాలకు తగ్గట్టు దానంతటదే మారిపోతుందని చెబుతాయి. అలాంటి ప్రచారమే చేసిన యాక్సెసిబీ అనే కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2025లో పది లక్షల డాలర్లు కట్టడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. ఎవరైనా మీ ఆఫీసుకు వచ్చి అలాంటి విడ్జెట్ చూపిస్తే, కోవిన్ జాబితాలోని ఆరు లోపాల్లో ఇది వేటిని సరిచేస్తుందో చూపించమనండి.

తెలుగులో పనిచేసే ఆఫీసులకు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిషులో రాసిన మార్గదర్శక పుస్తకాల్లో దీని ఊసు పెద్దగా ఉండదు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతున్నాను. మన సర్క్యులర్లు, దరఖాస్తు ఫారాలు, కరపత్రాలు ఎన్నో ఏళ్లుగా అను ఫాంట్ల వంటి డీటీపీ అక్షరాల్లో తయారవుతూ వచ్చాయి. ఆ పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు, ఏదో ఒక ఇంగ్లిషు అక్షరం సంకేతాన్ని. దాని మీద తెలుగు ఆకారాన్ని తొడుగుతుంది. కాగితం మీద అచ్చయితే అందంగానే ఉంటుంది. స్క్రీన్ రీడర్‌కు ఆకారంతో పనిలేదు, సంకేతమే కావాలి. అది అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గోల వినిపిస్తుంది. జీవోను ముద్రించి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తే ఇంకా ఘోరం. అది ఒట్టి ఫొటో, స్క్రీన్ రీడర్‌కు ఖాళీ కాగితంతో సమానం. యూనికోడ్‌లో కొట్టిన ఫైలు కూడా పీడీఎఫ్‌గా మారేటప్పుడు ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోయే సందర్భాలున్నాయి. కనుక్కోవడానికి నిపుణుడు అక్కర్లేదు. పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగు తెలుగులాగే వస్తే స్క్రీన్ రీడర్‌కు కనీసం అక్షరాలు అందుతాయి. గజిబిజి వస్తే అది ఎవరికీ అందని కాగితం. గూగుల్ వెతుకులాటలో కూడా దొరకదు కాబట్టి నష్టపోయేది చూపు లేనివారొక్కరే కాదు. దారి ఒక్కటే. ముఖ్యమైన ప్రతి సమాచారాన్నీ యూనికోడ్ తెలుగులో మామూలు వెబ్ పేజీగా పెట్టడం, సంతకం ఉన్న స్కాన్‌ను కావాలంటే దాని కింద జతచేయడం. ఇంకొకటి, పేజీ తెలుగులో ఉన్నప్పుడు కోడ్‌లో భాష తెలుగు అని రాయాలి. చాలా పేజీలు ఇంగ్లిషు అచ్చు నుంచి పుట్టినవి, అందుకని భాష దగ్గర ఇంగ్లిషు అనే ఉండిపోతుంది. అలాంటప్పుడు ఇంగ్లిషు గొంతు తెలుగు పేజీని చదవబోయి తడబడుతుంది, లేదా మింగేస్తుంది. ఈ మార్పుకు పట్టేది ఒక్క నిమిషం.

ఇంతవరకూ చూపు గురించే మాట్లాడినా, పనిని కొలిచే పద్ధతి మిగతా వైకల్యాల దగ్గరా అంతే సూటిగా పనిచేస్తుంది. దరఖాస్తు ఆగిపోయిన చోట 'వివరాలకు ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని తప్ప ఇంకేమీ లేకపోతే వినపడని వ్యక్తి పని అక్కడితో ఆగిపోయింది. మెసేజ్ పంపే దారి కూడా ఉండాలి. పథకం గురించి మంత్రిగారి వీడియో పెట్టి కింద అక్షరాలు వేయకపోయినా అంతే. చేతులు వణికేవారికి, మౌస్ పట్టుకోలేనివారికి గోరంత బటన్లు పరీక్ష పెడతాయి. డబ్ల్యూసీఏజీ 2023 నాటి సంచిక నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలనో, చుట్టూ అంత ఎడం ఉండాలనో అంటోంది. తప్పు నింపిన గడి చుట్టూ ఎర్రగీత గీసి ఊరుకుంటే రంగులు గుర్తుపట్టలేనివారికి ఏమీ తెలియదు. 'ఆధార్ సంఖ్యలో 12 అంకెలుండాలి, మీరు 11 రాశారు' అని మాటల్లో చెబితే అందరికీ తెలుస్తుంది. మొన్న మొన్నే ఫోన్ పట్టిన పల్లెటూరి రైతుకు కూడా.

ఇక అభ్యంతరాలు. ఈ విషయం ఎత్తగానే సమావేశంలో మొదట వినిపించేది: 'అసలు ఎంతమంది వస్తారండీ?' 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల పైమాటే. అది వైకల్యాలను ఎనిమిది రకాలుగా లెక్కించినప్పటి సంఖ్య. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తిస్తోంది. వీరికి అదే జనాభా లెక్కల్లోని అరవై దాటిన పది కోట్ల మందిని కలపండి. చూపు మందగించి, వేళ్లు మొద్దుబారి, అయినా పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ పంపాల్సినవారు అందులో ఎందరో ఉన్నారు. అసలు ఈ ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. సందర్శకుల లెక్కలు చెప్పే సాఫ్ట్‌వేర్‌కు వచ్చినవాడు స్క్రీన్ రీడర్ వాడుతున్నాడో లేదో తెలియదు. రెండుసార్లు ప్రయత్నించి వెనుదిరిగినవాడు మూడోసారి రాడు. మూసిన తలుపు దగ్గర జనం లేరు కాబట్టి తలుపు అక్కర్లేదనడం ఎలాంటి తర్కం?

రెండోది డబ్బు. దీనికి పాతికేళ్ల కిందటి జవాబొకటి ఉంది. సిడ్నీ ఒలింపిక్స్ నిర్వాహక సంఘం వెబ్‌సైట్ తనకు అందడం లేదని బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు 1999లో ఆస్ట్రేలియా మానవహక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. ఆయన అడిగినవి బొమ్మలకు వివరణలు, ఆటల పట్టిక, ఫలితాల పేజీలు చదవగలిగేలా చేయడం. సరిచేయడానికి ఇరవై లక్షల డాలర్లకు పైగా అవుతుందని, నెలల తరబడి సమయం పడుతుందని సంఘం వాదించింది. అంత అక్కర్లేదని సాంకేతిక నిపుణులు సాక్ష్యం చెప్పారు. కమిషన్ సంఘం లెక్కను నమ్మలేదు. 2000 ఆగస్టులో అది వివక్షేనని తేల్చింది, ఆటలు మొదలయ్యేలోగా సరిచేయమంది. పూర్తిగా చేయనందుకు 20,000 డాలర్లు పరిహారం కట్టించింది. ఆ కేసులో నాకు ఆసక్తి కలిగించేది పరిహారం మొత్తం కన్నా ఖర్చు అంచనా పెరిగిన తీరు. పని మొదట్లోనే చేసి ఉంటే బొమ్మ పెట్టే మనిషే వివరణ కూడా రాసేవాడు, దానికి వేరే పద్దు ఉండేది కాదు. భవనం లేచాక మెట్లు పగలగొట్టి ర్యాంపు పోసేవాడికి ర్యాంపు ఖరీదైనదిగానే కనిపిస్తుంది. మీ సైట్ కొత్తగా కడుతున్నదైతే ఖర్చు గురించిన వాదనకు బలం లేదు. పాతదైతే కొంత బలం ఉందని ఒప్పుకోవాలి, దాని సంగతి తర్వాత చెబుతాను.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా మర్యాదగా వస్తుంది, అందుకే దానికి గట్టి జవాబు కావాలి. 'మీసేవ ఉంది, సచివాలయం ఉంది, ఇంట్లో పిల్లలున్నారు, ఎవరో ఒకరు చేసిపెడతారు.' కోవిన్ కేసులో కేంద్రం కూడా డిజిటల్ వసతి లేనివారు కుటుంబం, స్నేహితులు, స్వచ్ఛంద సంస్థలు, కామన్ సర్వీస్ సెంటర్ల సాయం తీసుకోవచ్చనే చెప్పింది. సాయం మంచిదే. సాయమే ఏకైక దారి అయినప్పుడు జరిగేది వేరు. సేవలన్నీ ఇప్పుడు ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు ఖాతా మీద నడుస్తున్నాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ప్రతి మెసేజ్‌లోనూ రాసే ప్రభుత్వమే, అది పక్కవాడికి చెబితే తప్ప పని కాని సైట్‌ను కట్టి చూపు లేనివారి చేతిలో పెడుతోంది. అన్నదమ్ముల మధ్య భూమి తగాదా ఉన్న మనిషి మీభూమిలోనో భూభారతిలోనో తన ఖాతా చూసుకోవాలి. సాయం చేసే చెయ్యి ఆ తమ్ముడిదే అయితే? గృహహింస మీద ఫిర్యాదు చేయాల్సిన మహిళకు ఫారం నింపిపెట్టేది భర్తే అయితే? ఎవరికీ తెలియకూడని వైద్యపరీక్ష నివేదికను మీసేవ కౌంటరులో గట్టిగా చదివించుకోవాలా? కేంద్రాలు ఉండాలి, సొంతంగా చేసుకోగలిగినవారు కూడా ఓపిక లేనప్పుడు అక్కడికి వెళ్లాలి. కానీ వెళ్లక తప్పనివారు, వెళ్లినా వెళ్లకపోయినా సరేననుకునేవారు అని పౌరులను రెండుగా చీల్చే అధికారం వెబ్‌సైట్‌కు లేదు. వాట్సాప్‌లో సేవలిస్తున్నాం కదా అనేవారికీ ఇదే జవాబు. మాటల్లో నడిచే చాట్ స్క్రీన్ రీడర్‌కు సులువే. చివర్లో చేతికొచ్చేది స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

భద్రత పేరుతో వచ్చే అభ్యంతరానికి సుప్రీంకోర్టే జవాబిచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒక న్యాయవాది వేసిన పిటిషన్ల మీద 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తీర్పు వచ్చింది. ఖాతా తెరవడానికి కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి మనిషి బతికే ఉన్నాడని నిరూపించుకోవాలన్న పద్ధతి అక్కడ ప్రశ్నకు వచ్చింది. ముఖం కాలిపోయి రెప్పలు కదలని మనిషి ఏం చేయాలి? డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. వేరే దారులు చూపాలంటూ ఇరవై ఆదేశాలిచ్చింది, నిర్ణీత కాలానికోసారి ఆడిట్లు జరగాలంది. భద్రత వద్దని కోర్టు అనలేదు. భద్రతకు ఒకటికన్నా ఎక్కువ దారులుంటాయని, ఒకే దారి పెట్టి అది నడవలేనివారిని అనుమానితులుగా చూడకూడదని ఈ తీర్పు సారమని నేను అర్థం చేసుకున్నాను. వంకర అక్షరాల క్యాప్చా దగ్గర కూడా ఇదే వర్తిస్తుంది. ఒకే చోటు నుంచి వచ్చే అభ్యర్థనలకు సర్వరులో పరిమితి పెట్టవచ్చు, ఓటీపీ ఎలాగూ ఉంది. ఆ వంకర అక్షరాలను ఇవాళ యంత్రాలు మనుషులకన్నా చక్కగా చదువుతున్నాయి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2016 చట్టం సేవలందించేవారంతా రెండేళ్లలో ప్రమాణాలకు తగ్గట్టు మారాలంది. నియమాలు వచ్చింది 2017 జూన్‌లో కాబట్టి ఆ గడువు 2019లోనే దాటింది. ఉల్లంఘనకు మొదటిసారి పదివేల దాకా, ఆ తర్వాత యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. వెబ్‌సైట్లకూ యాప్‌లకూ ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది, 2023లో దాన్ని నియమాల్లో చేర్చారు. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, నియమావళిలోని 15వ నియమం చట్టానికి అనుగుణంగా లేదని తేల్చింది. చట్టం తప్పనిసరి అన్న చోట ఆ నియమం సూచనలతో సరిపెట్టింది. మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు తేవాలని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన క్షేత్ర నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం. మన ఊళ్లోనే ఉన్న ఆ విజ్ఞానాన్ని మన శాఖలు ఎంతవరకు అడిగి తీసుకుంటున్నాయన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని. వెబ్‌సైట్ లోపం ప్రోగ్రామర్ దగ్గర పుడుతుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది టెండరు పత్రంలో పుడుతుంది. 'సైట్ ప్రమాణాలకు అనుగుణంగా ఉండవలెను' అని ఒక్క వాక్యం రాస్తే ఎవరినీ దేనికీ బాధ్యుల్ని చేయలేరు. దాని బదులు ప్రమాణం పేరు, స్థాయి రాయండి: ఐఎస్ 17802, డబ్ల్యూసీఏజీ 2.1 డబుల్ ఏ. దాని కింద పనులను పేరుపేరునా రాయండి. ధ్రువపత్రానికి దరఖాస్తు, ఫీజు చెల్లింపు, దరఖాస్తు ఏ దశలో ఉందో చూసుకోవడం, రశీదు దించుకోవడం, ఫిర్యాదు. ఈ పనులను స్క్రీన్ రీడర్ వాడే వ్యక్తి, మౌస్ లేకుండా కీబోర్డు మాత్రమే వాడే వ్యక్తి, వినపడని వ్యక్తి, ఎవరి సాయమూ లేకుండా తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పూర్తి చేసి చూపాకే చివరి విడత బిల్లు పాసవుతుందని రాయండి. పరీక్షించేవారికి ఫీజు ఇవ్వండి. వికలాంగుల సంఘాలను పిలిచి, టీ ఇచ్చి, ఉచితంగా చూసిపెట్టమనడం మన ఆఫీసుల్లో అలవాటుగా మారింది. ఆడిటరుకు డబ్బిచ్చే శాఖ వీళ్లకు ఎందుకివ్వదు? వార్షిక నిర్వహణ ఒప్పందంలోనూ ఈ షరతు ఉండాలి, ఎందుకంటే సైట్ ప్రారంభోత్సవం నాటి కన్నా తర్వాతి రెండేళ్లలోనే ఎక్కువ పాడవుతుంది. రోజూ ఫైళ్లు ఎక్కించే డేటా ఎంట్రీ ఆపరేటర్‌కు వర్డ్‌లో శీర్షికల స్టైల్ వాడటం, బొమ్మకు ఒక వాక్యం వివరణ రాయడం, యూనికోడ్‌లోనే కొట్టడం నేర్పించండి. ఆ శిక్షణకు ఒక పూట చాలు. సర్టిఫికెట్ నిలబడేదీ కూలేదీ అతని చేతుల మీదే.

పాత సైట్ అయితే వేల పేజీలు ఒకేసారి మార్చలేరన్నది నిజం. బ్రిటన్ 2018 నిబంధనలు దీనికి ఒక నిజాయితీ గల దారి చూపాయి. పాత ప్రభుత్వ సైట్లకు 2020 సెప్టెంబరు దాకా గడువిచ్చాయి, భరించలేనంత భారమైతే మినహాయింపు కూడా ఇచ్చాయి. అయితే ఏ భాగం ఎవరికి అందడం లేదో, ఎందుకో, దాని బదులు ఎవరిని అడగాలో సైట్ మీదే బహిరంగంగా రాయాలి. మన శాఖలు దీన్ని ఏ ఆదేశం కోసమూ ఎదురుచూడకుండా అనుసరించవచ్చు. జనం ఎక్కువగా వాడే నాలుగైదు సేవలను ముందు సరిచేసి, మిగతావి ఎప్పటికవుతాయో తేదీలతో రాసిపెడితే ఎవరూ తప్పుపట్టరు. ఎవరికీ చెప్పకుండా, దరఖాస్తు చివరి పేజీ దాకా వచ్చాక అడ్డుగోడ చూపించడమే తప్పు.

ఇంకొక్క మాట, శాఖ లోపలి సంగతి. ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం నాలుగు శాతం వికలాంగులకు కేటాయించాలని ఇదే చట్టం చెబుతోంది. అలా వచ్చిన ఉద్యోగి ఫైలు తెరిచే సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్‌కు అందకపోతే ఆయనకు కుర్చీ ఇచ్చి పని ఇవ్వనట్టు. ఆ తర్వాత ఆయన సామర్థ్యం మీద గుసగుసలు మొదలవుతాయి. మీ ఆఫీసులో అలాంటి సహోద్యోగి ఉంటే సైట్ గురించి ఏ కన్సల్టెంటును పిలిచే ముందూ ఆయన్ను అడగండి, ఆయన చెప్పినదాన్ని ఫైలులో నోట్‌గా పెట్టించండి. లేకపోతే రేపు ఉదయం ఆఫీసుకు వెళ్లగానే మౌస్ తీగ పీకేసి, ట్యాబ్, ఎంటర్ వంటి కీబోర్డు కీలతో మాత్రమే మీ శాఖ సేవల్లో జనం ఎక్కువగా వాడేదాన్ని మొదటి నుంచి రశీదు దాకా పూర్తి చేయడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయారో ఆ పేజీ పేరు రాసుకుని, ఆ రోజే నోట్ ఫైల్ పైకి పంపండి.